గ్రేట్ వెన్నింగ్ గాలిమర బ్రేకు గురించి

సెప్టెంబరు 29

క్షమించాలి.

ముందుగా గ్రేట్ వెన్నింగ్ గ్రామ ప్రజలు క్షమించాలి, వారి ఊరిలో గొప్ప అన్నది పేరులో తప్ప ఇంకెక్కడా లేకపోయినందుకు. పిదప లిటిల్ వెన్నింగ్ ప్రజలు క్షమించాలి, బడీ పోస్టాఫీసూ రెండు పబ్బులూ ఉండి కూడా వారికి చిన్న అన్న పేరు తగులుకున్నందుకు. సఫోక్ జిల్లా గాలి క్షమించాలి, శనివారం సందర్శకులు వచ్చినప్పుడు పడుకుని సోమవారం ఎవరూ లేనప్పుడు లేస్తున్నందుకు. చర్చి గంట మీద కాపురం పెట్టిన పావురాలు క్షమించాలి. నా చేతిరాత, నా చరిత్ర పట్టా, ఆ పట్టాకి ఉద్యోగం ఇవ్వని ఇంగ్లండు దేశం, అన్నీ క్షమించాలి. ఈ నేరాలన్నిటికీ జూడ్ బొరెట్ అనే నేనే పూర్తి బాధ్యుడినని సవినయంగా ఒప్పుకుంటున్నాను. వీటిలో ఒక్కటీ నేను చేయలేదు.

ఈ డైరీ ఎవరూ చదవరు. తాతకి కళ్ళజోడు దొరకదు, నాన్నకి తీరిక దొరకదు.

జూన్‌లో తాతని చూసుకోవడానికి ఇక్కడికి వచ్చాను, రెండు వారాలకని. నాన్న ఫోన్లో "నువ్వెలాగూ ఖాళీయే కదరా" అన్నాడు. నిజమే. ఇప్పుడు తాత మంచం ముందు గదిలో కిటికీ పక్కన వేశాం. అక్కడినుంచి గుట్ట మీది మా గాలిమర కనిపిస్తుంది. రోజూ వచ్చే నర్సు ఈ రోజు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, క్రిస్మస్ చెట్టు సంగతి ఇప్పుడే ఆలోచించకండి అంది. అప్పటిదాకా తాత ఉండడన్న విషయాన్ని అంతకంటే మర్యాదగా చెప్పడం ఎవరి వల్లా కాదు.

అక్టోబరు 2

రెండు గ్రామాల చరిత్ర సంఘం అధ్యక్షురాలు హేజెల్ పార్ఫిట్ గారు వచ్చారు. నేను రాస్తున్న 'వెన్నింగ్ గ్రామాల సంక్షిప్త చరిత్ర' ఎంతవరకు వచ్చిందని అడిగారు. పదకొండో శతాబ్దం దాకా వచ్చిందన్నాను. అప్పటికి ఈ రెండు ఊళ్ళలోనూ కలిపి ఒక నాగలి, కొన్ని పందులు, ఒక తగాదా ఉన్నాయి. నాగలి పోయింది, పందులు పోయాయి.

మర గురించి రాసేటప్పుడు రెండు ఊళ్ళ మనసూ నొవ్వకుండా రాయమని ఆవిడ కోరిక. ఎలా రాయాలి? మర మొదట లిటిల్ వెన్నింగ్‌లో ఉండేది. మా ముత్తాతకి తాత జేబెజ్ బొరెట్, అక్కడ చెట్లు ఎదిగి గాలికి అడ్డమొస్తున్నాయని, దాన్ని ఉన్నదున్నట్టుగా దుంగల మీదికి ఎక్కించి, దొరికిన ఎద్దులన్నిటినీ కట్టి, రెండు మైళ్ళు ఈడ్చుకుని ఈ గుట్ట మీదికి తెచ్చాడు. ఇల్లంత మర. ఆ ఊరి జనం దారిపొడవునా నిలబడి తిట్టారట. ఇప్పటికీ ఆ ఊరి పేరు పలక మీద మర బొమ్మ ఉంది. మా పలక మీదా ఉంది. వాళ్ళ బొమ్మే మా మర కంటే బాగా తిరుగుతున్నట్టు ఉంటుంది.

"ఎద్దులు అలిసిపోయాయి" అని రాసి ఆ అధ్యాయం ముగించాను. నేనూ అలిసిపోయాను.

అక్టోబరు 4

శనివారం. ఏడుగురు సందర్శకులు, ఒక కుక్క. గాలి లేదు. వాళ్ళకి కదలని మర గురించి ఉపన్యాసం ఇచ్చాను. కుక్క శ్రద్ధగా విన్నది.

మర ఆపడంలో నేను ఇంకా మొద్దునేనని తాత తేల్చాడు. మంచంలోంచే కిటికీ అద్దం మీద కర్రతో కొడతాడు, నేను గుట్ట మీదినుంచి చూస్తాను, చేత్తో చూపిస్తాడు: ఇటు, ఇంకా ఇటు, ఆపు. ఆయన బాధ నాకు తెలుసు. ఈ ఊళ్ళో మర ఎలా ఆగింది అన్నది చిన్న విషయం కాదు. రెక్కలు ఏటవాలుగా ఇంటూ గుర్తులా ఆగితే మామూలు రోజు. కింది రెక్క నిట్టనిలువు గీతకి చేరబోతూ, ఒక మూర ముందే ఆగితే మర ఇంట్లో పెళ్ళో పిల్లో. గీత దాటి, ఒక మూర అవతలికి పోయి ఆగితే మర ఇంట్లో చావు. వస్తున్న రెక్క, వెళ్ళిపోయిన రెక్క, అంతే తేడా. జనం వాన కోసం ఫోను చూస్తారు, మా ఇంటి సంగతుల కోసం మర చూస్తారు. రెండు మైళ్ళ అవతలికి కూడా కనిపిస్తుంది.

"మూరెడు తేడాతో మనుషుల్ని చంపేస్తావురా నువ్వు" అన్నాడు తాత. దగ్గు వచ్చింది. పిండి దగ్గు. జీవితమంతా పిండి పీల్చినవాడు ఇంకేం దగ్గుతాడు?

అక్టోబరు 7

తాత పొద్దున్నే అడిగే ప్రశ్న ఒకటుంది: "లిటిల్ వెన్నింగ్‌లో పొగ వస్తోందా?"

వస్తోందంటాను. అది ఆయన అక్క డోర్కస్ మామ్మ ఇంటి పొగగొట్టం. ఎనభై దాటినా కట్టెల పొయ్యి వదలదు. ఆయన ఆవిడ పొగ చూస్తాడు, ఆవిడ ఈయన రెక్కలు చూస్తుంది. నాన్న పెళ్ళికి ముందునుంచీ వాళ్ళ మధ్య మాటల్లేవు. పొగ వస్తోందంటే "ఊఁ" అంటాడు. ఆ రోజుకి కుటుంబ సంబంధాలు ముగిసినట్టు.

"పిలవనా తాతా?" అన్నాను.

"దేనికి? పొయ్యి వెలుగుతోందిగా."

అక్టోబరు 9

సైకిలు మీద డోర్కస్ మామ్మ ఇంటికి వెళ్ళాను. చరిత్ర కోసం వెళ్ళానని చెప్పాను. ఆవిడ టీ పోసి, బిస్కెట్ డబ్బా నా ముందు పెట్టి, మూత మాత్రం తన దగ్గర ఉంచుకుంది.

తగాదా సంగతి ఆవిడ నోట మొదటిసారి విన్నాను. వాళ్ళమ్మ పోయింది ఆ రోజుల్లో ఒక మార్చి నెలలో. ఆ ఉదయం ఈవిడ లేచి ఎప్పటిలాగే కిటికీలోంచి చూసింది. రెక్కలు తిరుగుతున్నాయి. తిరుగుతున్నాయంటే అమ్మ బాగానే ఉందని, బుట్ట తీసుకుని సంతకి పోయింది. మాంసం కొట్లో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఎవరో చెయ్యి పట్టుకుని, పాపం మీ అమ్మగారు, అంది. అప్పటికి అమ్మ పోయి ఆరేడు గంటలు. రెక్కలు సాయంత్రం దాకా తిరుగుతూనే ఉన్నాయట.

"పిండి ఆడిస్తున్నాడు మీ తాత. అమ్మ మేడ మీద చల్లబడుతోంది, వీడు మరలో బార్లీ ఆడిస్తున్నాడు."

తాతకి బాగా లేదని చెప్పాను. ఎంత బాగా లేదో కూడా చెప్పాను. ఆవిడ కిటికీ వైపే చూస్తోంది. వంటింటి కిటికీకి తెర లేదు, ఎప్పుడూ లేదట.

"వాడు పోతే రెక్కలు చెప్తాయి. అప్పుడొస్తాను."

"అప్పుడొచ్చి ఏం లాభం మామ్మా?"

"లాభం కోసం వెళ్తారేంట్రా చావు ఇంటికి?" అని డబ్బాకి మూత పెట్టేసింది.

వస్తుంటే గేటు దాకా వచ్చి, వాడు తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడని అబద్ధం చెప్పాను. ఎదురుగాలి. సైకిలు తొక్కుతూ ఇంటికి రావడానికి జేబెజ్ ఎద్దులకి పట్టినంత సేపు పట్టింది.

అక్టోబరు 10

రాయడానికి ఏమీ లేదు. ఓట్స్ జావ రెండు చెంచాలు.

అక్టోబరు 12

నర్సు మందు మోతాదు పెంచింది. తాత మధ్యాహ్నమంతా నిద్రలోనే మాట్లాడాడు. ఎక్కువగా గాలితో. దక్షిణానికి తిరగమని బతిమాలుతున్నాడు. ఒకసారి కళ్ళు తెరిచి నన్ను చూసి, నేను ఎవరో తెలిసే అన్నాడు, చాలా మామూలుగా, పాలు అయిపోయాయి అన్నట్టు:

"అక్క రాదులే."

ఇన్నాళ్ళలో ఆయన అడిగింది ఆ ఒక్కసారే. అడగడమంటే అదే, బొరెట్ల పద్ధతిలో.

నాన్నకి ఫోన్ చేశాను. డోర్కస్ మామ్మకి నువ్వు చెప్పి చూడు అన్నాను. ఆవిడ ఫోను రొట్టెల డబ్బాలో ఉంటుందిరా, మోగినా తియ్యదు అన్నాడు. శనివారం వస్తానన్నాడు. గిన్నెలు కడిగాను. దుప్పట్లు ఉతికాను. చరిత్రలో నల్లప్లేగు దాకా వచ్చాను, మనసుకి కాస్త ఊరట.

అక్టోబరు 14

గాలి బావుంది. తాత చూస్తాడని మర తిప్పాను. మధ్యాహ్నం ఆపుతుంటే బ్రేకు జారింది. కింది రెక్క గీత దాటి మూరెడు అవతలికి వెళ్ళి ఆగింది. పాత మర, తడి వాతావరణం. సరిచేద్దామనుకునేలోపు టీ వేళ అయింది, తరవాత చీకటి పడింది.

అక్టోబరు 15

ఈ రోజు జరిగినదానికి చారిత్రక ప్రాముఖ్యం ఉంది కనుక వివరంగా రాస్తాను.

ఉదయం తలుపు తట్టిన చప్పుడు. పార్ఫిట్ గారు, చేతిలో ఇంకా పొగలు కక్కుతున్న, మాంసం కూరిన రొట్టె. నన్ను కావలించుకున్నారు. రొట్టె నా వీపుకి తగిలి కాలింది. ఆవిడ వెనక ఫాదర్ గారు. చర్చి జెండా అప్పటికే సగానికి దించారట. ఎప్పుడు పోయారు, బాధపడ్డారా అని ఆయన అడుగుతుంటే లోపలినుంచి తాత గొంతు, ఉడికించిన గుడ్డు ఇంకా గట్టిపడలేదా అని. ఫాదర్ గారు తన వృత్తిలో ఇటువంటివి జరగవచ్చని చదివి ఉంటారు గాని చూసి ఉండరు.

బ్రేకు జారిందని చెప్పాను. వాళ్ళు వెళ్ళారు. రొట్టె ఇచ్చేసే వెళ్ళారు, అది మర్యాద.

గుట్ట మీదికి పోయి రెక్కలు సరిచేద్దామని కోటు తొడుక్కుంటుంటే వ్యాను ఒకటి వచ్చి ఆగింది. లిటిల్ వెన్నింగ్ వ్యాను. తన పక్కింటివాళ్ళ ఆ వ్యానులోంచి డోర్కస్ మామ్మ దిగింది. నల్లకోటు, నల్లటోపీ, చేతిలో గుడ్డలో చుట్టిన పళ్ళ కేకు. ఆవిడ దారి అడగలేదు, నన్ను చూడలేదు. తను పుట్టిన ఇంట్లోకి తిన్నగా నడిచి ముందు గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే ఉన్నాను. చెప్పాలి అనుకున్నాను. చెప్పలేదు.

తాత గుడ్డు తింటున్నాడు. చెంచా గాలిలో ఆగిపోయింది.

ఆవిడ కేకు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్ సిరిల్. చచ్చావని వచ్చాను."

"తెలుస్తోందక్కా. టోపీ బావుంది."

"అమ్మది."

"అందుకే బావుంది."

నేను వంటింట్లోకి పోయాను. కాని తలుపు వెయ్యలేదు. టీ పెట్టడానికి ఇంత ఆలస్యం చేసినవాడు ఇంగ్లండు చరిత్రలోనే లేడు.

వాళ్ళు ముందు కేకులో బ్రాందీ ఎంత అని, పాత పొగగొట్టం ఎవరు శుభ్రం చేస్తున్నారని మాట్లాడుకున్నారు. మార్చి గురించి ఆవిడే ఎత్తింది. తాత చెప్పాడు. ఆ రోజు తెల్లారకముందే తుపాను లేచిందట. అప్పటికే మర తిరుగుతోంది. అమ్మ పోయిందని కబురు రాగానే ఆపబోయాడు. బ్రేకు పట్టలేదు. గట్టిగా పట్టిస్తే చెక్క రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. మర అంతా చెక్క, అంతా పిండి ధూళి. ఇంకోసారి లాగితే తగలబడేది. ఇక చేసేది లేక తిరగలి రాళ్ళ మధ్య బార్లీ పోస్తూ కూర్చున్నాడు, రాళ్ళకి బరువు తగిలితే రెక్కలు కాస్త నిదానిస్తాయని. వదిలేసి రాలేడు, ఎవరినీ పంపలేడు. సాయంత్రం గాలి తగ్గేదాకా అమ్మని చూడనే లేదు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా?"

"నువ్వు మర ఇంట్లో పుట్టినదానివి. ఆ గాలి చూసి నీకే తెలుస్తుందనుకున్నాను."

మామ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"తెలిసింది. ఆ సాయంత్రమే తెలిసింది నాకు. నువ్వు వచ్చి చెప్తావని చూశాను."

ఆ తరవాత ఇద్దరూ కేకు కోసుకుని తిన్నారు. తాత రెండు ముక్కలు తిన్నాడు. ఈ నెలలో ఆయన తిన్నదంతా కలిపినా అంత ఉండదు.

సాయంత్రం వ్యాను ఆవిడని తీసుకుపోయాక తాత నన్ను పిలిచాడు.

"ఏంట్రా, బ్రేకు జారిందా?"

"జారింది తాతా."

"మార్చి గొడవ తరవాత దానికి కొత్త చెక్క వేశాను. ఎల్మ్ చెక్క. నా చేత్తో నేనే చెక్కాను." కాసేపు కిటికీ వైపు చూశాడు. "తడికి జారుతుందిలే" అన్నాడు.

అక్టోబరు 17

పార్ఫిట్ గారు బస్సు స్టాపులో ప్రకటన అంటించారు. కింద నా పేరు ఉంది, నన్ను అడక్కుండానే. 'గాలిమర బ్రేకు మరమ్మతులో ఉన్నందున, తదుపరి ప్రకటన వరకు రెక్కలను బట్టి ఎవరూ సంతాపం తెలుపరాదని మనవి.' లిటిల్ వెన్నింగ్‌లోనూ ఒకటి అంటించారట. ఆ ఊరివాళ్ళు దాన్ని ఫొటోలు తీసుకుంటున్నారట. మర వాళ్ళ దగ్గరే ఉండి ఉంటే బ్రేకు జారేదా అంటున్నారట.

బ్రేకు జారింది అని ఇప్పటికి ఊరంతటికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే బ్రేకు మీద అనుమానం వచ్చి పోయి చూశాను. బ్రేకు బాగానే ఉంది. అంటే జారినా బాగానే ఉంది.

అక్టోబరు 21

మంగళ, శుక్రవారాలు డోర్కస్ మామ్మ బస్సులో వస్తోంది. మిగతా రోజులు మోకాళ్ళు ఒప్పుకోవంటుంది. ఇద్దరూ కలిసి నా చరిత్రని దిద్దుతున్నారు. జేబెజ్ ఎద్దుల్ని అద్దెకి తెచ్చాడని తాత, దొంగిలించాడని మామ్మ. ఎద్దులు అలిసిపోయాయన్న వాక్యం మాత్రం ఇద్దరికీ నచ్చింది.

నాన్న శనివారం రాలేదు. వచ్చే శనివారం అన్నాడు.

అక్టోబరు 24

తాత ఈ రోజు పొగ గురించి అడగలేదు. నేనే చెప్పాను, వస్తోందని. ఆయనకి వినిపించలేదు.

మామ్మ ఆయన చెయ్యి పట్టుకుని రెండు గంటలు కూర్చుంది. వెళ్తూ నాతో, ఇంట్లో చివరి ప్లమ్ పళ్ళు మిగిలాయి, జామ్ చేసి తెస్తానంది. వాడికి ప్లమ్ జామ్ ఇష్టం, నీకు తెలీదులే, అంది. తెలీదు.

అక్టోబరు 28

మంగళవారం. మామ్మ వచ్చింది, వెళ్ళింది. బుధవారం పొద్దున్నే జామ్ కాచి శుక్రవారం తెస్తానంది. నర్సు నన్ను పక్కకి పిలిచింది. మామ్మ బస్సు అప్పటికి వెళ్ళిపోయింది.

నిద్ర వస్తోంది. నిద్రపోకూడదు.

అక్టోబరు 29

తాత పోయాడు. తెల్లారుతుండగా. గాలి పడమర నుంచి, మెత్తగా. చివర ఏమీ అనలేదు.

నాన్నకి ఫోన్ చేశాను. నర్సుకి చేశాను. రొట్టెల డబ్బాలోని ఫోనుకి కూడా చేశాను. మోగింది, మోగింది, ఊరుకుంది. తరవాత గుట్ట ఎక్కి, కట్లు విప్పి, రెక్కల్ని నాలుగు చుట్లు తిరగనిచ్చి ఆపాను. కింది రెక్క గీత దాటి మూరెడు అవతల. ఆయన చూపించినట్టే. కిటికీ అద్దం మీద కర్ర చప్పుడు రాలేదు.

ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

చర్చి జెండా స్తంభం కొసనే ఎగురుతోంది. పోస్టు అతను సైకిలు ఆపకుండానే, ఏంటి జూడ్, ఇంకా బాగుచేయించలేదా దాన్ని, అని నవ్వుతూ పోయాడు. నేను తల ఊపాను. పాలు వచ్చాయి. పార్ఫిట్ గారు అటువైపు రోడ్డు మీద కుక్కని తిప్పుతూ రెక్కల వైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఆడించి, కుక్కతో ముందుకు నడిచారు.

నర్సు వచ్చి తాత దగ్గర కూర్చుంది. నేను సైకిలు తీశాను.

డోర్కస్ మామ్మ వంటిల్లంతా ప్లమ్ పళ్ళ వాసన. కిటికీకి తెర లేదు. ఎదురుగా గుట్ట, గుట్ట మీద మర, చాలా స్పష్టంగా. ఆవిడ గిన్నెలో గరిట తిప్పుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. నన్ను చూసి నవ్వింది. అంత నవ్వు ఆ మొహం మీద నేను ఎప్పుడూ చూడలేదు.

"చూశాన్రా పొద్దున్నే. పక్కింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది, రెక్కలు రెక్కలు అంటూ. చాల్లేవే, మా వాడి బ్రేకు మళ్ళీ జారిందని పంపేశాను. కూర్చో. సీసాలు తుడుద్దువు గాని."

నేను కూర్చోలేదు. తాత పోయాడు అన్న మాట నోటికి రాలేదు. దానికి బదులు వేరేది వచ్చింది.

"బ్రేకు జారలేదు మామ్మా."

గరిట తిరుగుతూనే ఉంది, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. తరవాత ఆగింది. ఆవిడ కిటికీలోంచి చూసింది.

"ఎప్పుడు?"

"తెల్లారుతుండగా."

పొయ్యి మీద జామ్ అడుగంటుతున్న వాసన. నేను వెళ్ళి గిన్నె దించాను. ఆవిడ కదల్లేదు.

"ఆ రోజు?" అంది. నా వైపు తిరగకుండానే.

"ఆ రోజూ జారలేదు."

"వాడికి తెలుసా?"

"తెలుసనుకుంటా. అడగలేదు."

మామ్మ నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది.

"పొద్దున్నుంచీ చూస్తున్నానురా. కళ్ళెదురుగా ఉంది. చూస్తూ పాట పాడుకుంటున్నాను." ఏప్రన్‌కి చేతులు తుడుచుకున్నట్టు కోటుకి తుడుచుకుంది, అప్పటికే కోటు వేసుకుంటోంది. నల్లది కాదు, చేతికి అందినదేదో. "అమ్మప్పుడు సంత. వీడప్పుడు జామ్."

నేను క్షమించమన్నాను. ఆవిడ విన్నదో లేదో. సైకిలు అక్కడే వదిలేసి ఇద్దరం నడిచాం. ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా నడిచింది. దారంతా మర ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఇద్దరం దాన్ని చూడలేదు.

ఈ డైరీ మొదట్లో చాలా వాటికి క్షమాపణ చెప్పుకున్నాను. కొట్టెయ్యను, ఉండనిస్తాను, ఓపిక లేదు. అక్టోబరు పద్నాలుగున బ్రేకు జారలేదు. తాత చెక్కిన ఎల్మ్ చెక్క ఎంత గట్టిగా పట్టాలో అంత గట్టిగా పట్టింది. గాలి బాగా ఉంది, వెలుతురు బాగా ఉంది, తాత నిద్రపోతున్నాడు. నేను బ్రేకు తాడు చేతిలో పట్టుకుని, కింది రెక్క గీత దాటేదాకా చూసి, ఆపాను.